విండోస్ 11 వేసుకున్నాక మాటిమాటికీ తెగిన వైఫై: పన్నెండు రోజులు నేను పడ్డది

2025 నవంబర్ 3, సోమవారం. ఎరువుల షాపు సేటు నా పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. చదివి చెప్పాడు. ఆరు అంకెలూ కొట్టి బటన్ నొక్కాను. తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. కింద మూలన వైఫై గుర్తు పోయి గ్లోబు బొమ్మ వచ్చింది. అర నిమిషం తర్వాత నెట్ దానంతటదే కలిసింది గానీ, అప్పటికి జీఎస్టీ పోర్టల్ నన్ను బయటికి నెట్టేసింది. మళ్లీ లాగిన్, మళ్లీ క్యాప్చా, మళ్లీ ఓటీపీ. రెండోసారి కూడా సరిగ్గా అక్కడే పోయింది. "ఏమైంది మేడం, పోయినసారి రెండు నిమిషాల్ల అయిపోయింది కదా" అన్నాడాయన. ఆయన మంచిగానే అన్నాడు. నాకే మొహం మాడిపోయింది.

మాది మిర్యాలగూడ. ఇంటి ముందు గదిలో కూర్చుని షాపులకు, రెండు రైస్ మిల్లులకు టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు, జీఎస్టీ రిటర్న్‌లు చేస్తాను. నెలనెలా వేయాల్సిన వాళ్లు 14 మంది, మూడు నెలలకోసారి వేసేవాళ్లు 8 మంది. నెలనెలా వేసేవాళ్ల అమ్మకాల రిటర్న్, అంటే ఆర్-1, మరుసటి నెల 11లోపు పడాలి. అది దాటితే మా సేట్ల దగ్గర సరుకు కొన్నవాళ్లకు 14న తయారయ్యే టూబీలో, అంటే కొన్నవాళ్లకు క్రెడిట్ చూపించే పట్టికలో, ఆ బిల్లులు కనబడవు. కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే ఆ క్రెడిట్ వాళ్లకు ఒక నెల ఆలస్యమవుతుంది. ఆ కొన్నవాళ్లు సేటుకు ఫోన్ చేస్తారు, సేటు నాకు చేస్తాడు. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అలాంటి ఫోన్ రానివ్వలేదు నేను. అందుకే ఈ పన్నెండు రోజులూ నాకు సరిగ్గా నిద్ర లేదు.

అసలు కొత్త విండోస్ జోలికి ఎందుకు పోయానో చెప్తాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోయింది. పేరు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు తీసుకునే దారి కూడా ఒకటి ఉంది. కానీ నా ల్యాప్‌టాప్‌లో 22 మంది పాస్‌వర్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉంటాయి. ఎప్పటికైనా మారక తప్పదు కదా, ఆలస్యం ఎందుకు అనుకున్నాను. 2021లో కొన్న ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. ఇది విండోస్ 11కి పనికొస్తుందని అప్‌డేట్ పేజీలోనే పచ్చ టిక్ చూపించింది. అక్టోబర్ చివర్లోనే చేద్దామనుకుంటే మొంథా తుఫాను వాన, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనని ఆగాను.

నవంబర్ 1 శనివారం రాత్రి 9:15కి మొదలుపెట్టాను. ముందు టాలీ డేటా మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకున్నాను. డౌన్‌లోడ్‌కు గంటా నలభై నిమిషాలు, ఎక్కడానికి రెండు గంటల పైనే పట్టింది. మధ్యలో నాలుగుసార్లు ఆగి మళ్లీ మొదలైంది. రాత్రి ఒకటిన్నరకు తెర వెలిగింది. టాలీ తెరిచాను, ఉంది. ప్రింటర్‌లో ఒక కాగితం తీశాను, వచ్చింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను.

మర్నాడు ఆదివారం నాలుగుసార్లు నెట్ పోయింది. పట్టించుకోలేదు. సోమవారం సేటు ముందర రెండుసార్లు పోయేసరికి లెక్క రాయడం మొదలుపెట్టాను. నా పనే లెక్క రాయడం కాబట్టి పాత నోటు పుస్తకంలో తేదీ వేసి, తెగినప్పుడల్లా టైము రాసి పక్కన ఒక గీత గీశాను. సోమవారం 14. మంగళవారం 11. పోయినప్పుడు ఇరవై సెకన్ల నుంచి నిమిషం దాకా రాదు. కొన్నిసార్లు అసలు కలవదు, వైఫైని ఆపి మళ్లీ వేస్తేనే వస్తుంది. మీకూ ఇలా అవుతుంటే మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి. తర్వాత అది ఎంత అక్కరకొచ్చిందో చెప్తాను.

నాకు మొదట తోచింది అందరికీ తోచేదే. "నెట్ వాళ్లది." సోమవారం సాయంత్రమే ఫోన్ చేశాను. మంగళవారం ఆరు గంటలకు లైన్ చూసే అబ్బాయి బండి మీద వచ్చాడు. నెట్ డబ్బా (రౌటర్) వెనక సన్న వైరు తీసి, చేతిలో ఉన్న సిగ్నల్ కొలిచే చిన్న మీటరుకు పెట్టాడు. "అక్కా, మైనస్ 21 చూపిస్తుంది. లైన్ మంచిగుంది. ఎర్ర లైట్ గూడ లేదు" అన్నాడు. అతను ఉన్న పదిహేను నిమిషాల్లో నెట్ ఒక్కసారీ పోలేదు. అతను వాకిలి దాటాడో లేదో పోయింది. కిటికీలోంచి పిలిచేలోపు బండి మూల తిరిగింది.

5వ తేదీ కార్తీక పౌర్ణమి. ఏటా పొద్దున్నే వాడపల్లి పోయి కృష్ణా మూసీ కలిసే చోట స్నానం చేసి, గుడి చూసుకుని వస్తాం. ఈసారి మా ఆయన, అత్తమ్మ, పిల్లలు పోయారు. పని వెనకబడిందని నేను పోలేదు. సాయంత్రం తులసి కోట దగ్గర అత్తమ్మ 365 వత్తులు నెయ్యిలో నానబెట్టి పిలుస్తుంటే, "అయిదు నిమిషాలు అత్తమ్మా" అంటూ ఒక మిల్లు ఫైలు ఎక్కిస్తూ కూర్చున్నాను. మూడుసార్లు ఎక్కించాను, మూడుసార్లూ సగంలో ఆగింది. బయటికి వచ్చేసరికి వత్తులు సగం కాలిపోయాయి. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఏడ్చాను.

6వ తేదీ పుస్తకంలో 15 గీతలు. ఆ రోజు ఫోన్‌లో ఆ అబ్బాయిని అనకూడని మాటలు అన్నాను. "నెల కాంగనే పైసలకు మాత్రం వస్తరు, పని చాతకాకుంటే చాతకాదని చెప్పుర్రి" అన్నాను. అతను మధ్యాహ్నం భోజనం కూడా చేయకుండా వచ్చాడు. ఆఫీసులో అడిగి, కొత్త డబ్బా తెచ్చి పెట్టాడు. డబ్బులేమీ తీసుకోలేదు. సాయంత్రం ఐదు లోపే మళ్లీ పోయింది. మూడోసారి కూడా పిలిచాను, వచ్చాడు, మళ్లీ మీటరు పెట్టాడు, మళ్లీ మైనస్ 21. "అక్కా, నీ ల్యాప్‌టాప్ ఒకసారి చూపిచ్చుకో" అని మెల్లగా అన్నాడు. తప్పించుకోవడానికి అంటున్నాడనుకున్నాను.

7వ తేదీన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని పని చేద్దామని చూశాను. అదీ తెగింది! ఫోన్ సిగ్నల్ కూడా బాగాలేదు, ఖర్మ అనుకున్నాను. తర్వాత ఫోన్‌ను చార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఒక్కసారి కూడా పోలేదు. ఫోన్ అదే, సిమ్ అదే, కుర్చీ కూడా అదే. గాలిలో పంపితే తెగుతోంది, వైరులో పంపితే తెగడం లేదు. జవాబు నా చేతిలోనే ఉంది. ఆ రోజు నాకు కనబడలేదు. పని నడుస్తోంది చాలు అనుకున్నాను. రోజుకు 1.5 జీబీ డేటా మధ్యాహ్నం రెండింటికే అయిపోయింది. విండోస్ తన అప్‌డేట్లు కూడా అందులోంచే లాక్కుంటోంది మరి. టెథరింగ్ పెట్టగానే సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను 'మీటర్డ్', అంటే డేటా లెక్క ఉన్నది, అని పెట్టుకోవాలట. ఆ సంగతి మూడు టాప్‌అప్‌లు వేసుకున్నాక తెలిసింది.

8వ తేదీ శనివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఆటోలో కంప్యూటర్ షాపుకు పోయాను. సాగర్ రోడ్డంతా వడ్ల ట్రాక్టర్లు, మిల్లుల ముందర వరుస కట్టి ఉన్నాయి. పది నిమిషాల దారికి ముప్పావు గంట. షాపులో ఇరవై నిమిషాలు చూశారు. అక్కడ ఒక్కసారీ తెగలేదు. అయినా "ఫార్మాట్ కొట్టాలె మేడం, లేకుంటే వైఫై కార్డు మార్చాలె" అన్నారు. 11న గడువు పెట్టుకుని 8న ఫార్మాట్ ఎలా కొట్టించుకుంటాను? వద్దన్నాను. నెట్‌వర్క్ రీసెట్ చేసి 300 తీసుకున్నారు. ఇది మనమే చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, చివర్న నెట్‌వర్క్ రీసెట్ ఉంటుంది. అది చేస్తే ల్యాప్‌టాప్‌లో దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయని మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి కొత్త డబ్బా కింద చీటీ మీద పాస్‌వర్డు వెతుక్కోవాల్సి వచ్చింది. రెండు గంటలు బాగుంది. మూడో గంటలో పోయింది.

ఆ రాత్రి పదింటికి మా పెద్దమ్మ కొడుకుకు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ పని చేస్తాడు. వారం రోజులు వాడిని ఎందుకు అడగలేదంటే, పెద్ద పెద్ద కంపెనీల పని చేసేవాడికి మన ఇంటి వైఫై సంగతి ఎందుకులే అనుకున్నాను.

"అక్కా, నెట్ పోయినప్పుడు ఫోన్ల గూడ పోతుందా?" అని అడిగాడు.

"చూడలే తమ్మీ."

"టీవీ వైఫై మీదనే కదా నడిచేది? దాంట్ల?"

హాలు వైపు చూశాను. వారం నుంచి రోజూ రాత్రి అత్తమ్మ అదే వైఫై మీద సీరియల్ చూస్తోంది. ఒక్కరోజూ ఆగలేదు. ఆగి ఉంటే నన్ను పిలిచేది.

"లేదు తమ్మీ, టీవీల పోలే."

"మరి లైన్ పోతే టీవీల గూడ పోవాలె కదక్కా."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కాసేపు మాట్లాడలేకపోయాను.

తర్వాత వాడు చేయించింది ఇది. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. అలాంటివి రెండు తెరిచి పక్కపక్కన పెట్టమన్నాడు. మొదటి దాంట్లో పింగ్ అని, ఖాళీ వదిలి 192.168.1.1, మళ్లీ ఖాళీ వదిలి ఒక అడ్డగీత, దానికి తగిలించి టి అక్షరం. అది మా ఇంటి డబ్బా నంబరు. మీ డబ్బాది వేరే ఉండొచ్చు, నల్ల కిటికీలో ఐపీకాన్‌ఫిగ్ అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే అన్నచోట కనబడుతుంది. రెండో దాంట్లో అలాగే 8.8.8.8. అది బయట లోకంలో ఉన్న సర్వర్. మొదటిది ల్యాప్‌టాప్ నుంచి డబ్బా దాకా దారి, రెండోది డబ్బా దాటి బయటి దాకా దారి. రెండోది ఒక్కటే ఆగితే తప్పు నెట్ వాళ్లది. రెండూ ఒకేసారి ఆగితే నీకూ డబ్బాకూ మధ్యనే ఏదో ఉంది.

కూర్చుని చూశాను. పింగ్ సెకనుకో పలకరింపు పంపుతుంది, దానికి జవాబు వచ్చినప్పుడల్లా ఒక లైను పైకి జరుగుతోంది. ఎడమ పక్క 2, 3, 2 మిల్లీసెకన్లు. కుడి పక్క 14, 15, 14. బయట లారీ హారన్లు, లోపల సీరియల్ పాట. టేబుల్ మీద ఫోన్‌లో అదే వైఫై మీద ఒక వీడియో పెట్టి ఉంచాను. 10:42కి రెండు కిటికీలూ ఒక్క క్షణం ఆగాయి. రెండింట్లోనూ ఒకేసారి 'జనరల్ ఫెయిల్యూర్' అని లైను పడింది. కింద ఇంకోటి, ఇంకోటి. ఫోన్‌లో వీడియో ఆడుతూనే ఉంది. హాల్లో సీరియల్ ఆడుతూనే ఉంది. ఆరు రోజులు ఆ అబ్బాయిని అన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి.

"చూసినవా అక్కా. ఇప్పుడు ల్యాప్‌టాప్‌నే అడుగుదాం" అన్నాడు వాడు. నల్ల కిటికీని ఈసారి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' తో తెరిపించి ఇంకో కమాండ్ చెప్పాడు: నెట్‌ఎస్‌హెచ్, డబ్ల్యూలాన్, షో, డబ్ల్యూలాన్‌రిపోర్ట్. నాలుగు మాటలు, మధ్యలో ఖాళీలు. పది సెకన్లలో ఒక నివేదిక తయారై, అది ఎక్కడుందో కింద చూపిస్తుంది. బ్రౌజర్‌లో తెరిస్తే గడిచిన మూడు రోజులు వైఫై ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు తెగిందో, ఎందుకు తెగిందో అన్నీ ఉంటాయి. ఎర్ర గుర్తులు లెక్కపెట్టాను, 38. నా పుస్తకంలో ఆ మూడు రోజులవి 33. టైములు పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషం తేడా లేకుండా సరిపోయాయి. ఎక్కువ ఉన్న ఐదూ నేను వంటింట్లో ఉన్నప్పటివి. కారణం అన్నచోట దాదాపు అన్నింటికీ ఒకటే మాట: 'ది నెట్‌వర్క్ ఈజ్ డిస్‌కనెక్టెడ్ బై ది డ్రైవర్.' తెంపింది డ్రైవర్. అంటే నా ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డును నడిపే చిన్న ప్రోగ్రాం.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. విండోస్ మారేటప్పుడు పాత డ్రైవర్ స్థానంలో కొత్తది వచ్చి కూర్చుంది. కొత్తది, కరెంటు ఆదా చేయడానికి కార్డును మధ్యమధ్య నిద్రపుచ్చుతోంది. లేపాల్సినప్పుడు కార్డు సరిగ్గా లేవడం లేదు. మళ్లీ మొదటి నుంచి కలుపుకుంటోంది. మనకది తెగినట్టు కనబడుతోంది.

ఇక్కడ ఒక సంగతి, నేను మొదటి రోజే తెలుసుకోవాల్సింది. విండోస్ 11కి మారాక నచ్చకపోతే 10 రోజుల్లోపు పాతదానికి వెనక్కి పోవచ్చు. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో 'గో బ్యాక్' అని ఉంటుంది. పది రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. నేను 1న రాత్రి మారాను. నా పదో రోజూ, ఆర్-1 గడువూ ఒకే రోజు వచ్చి పడ్డాయి. అది లెక్క వేసుకున్నాక చేతులు చల్లబడ్డాయి. "భయపడకక్కా, గడువు పెంచుకోవచ్చు" అని వాడు అడ్మిన్ కిటికీలో ఒక కమాండ్ కొట్టించాడు. డిఐఎస్ఎం, స్లాష్ ఆన్‌లైన్, స్లాష్ సెట్ అడ్డగీత ఓఎస్‌అన్‌ఇన్‌స్టాల్‌విండో, స్లాష్ వాల్యూ, రెండు చుక్కలు, రోజుల సంఖ్య. 60 దాకా పెట్టుకోవచ్చు. నేను 30 పెట్టాను. గడువు అయిపోక ముందే చేయాలి, అయిపోయాక చేస్తే లాభం లేదు. పాత విండోస్ ఫైళ్లు అన్ని రోజులూ సి డ్రైవ్‌లో ఇరవై జీబీ పైన చోటు పట్టుకుని ఉంటాయి, అంతే. ఆ రాత్రి వారం తర్వాత మొదటిసారి నిద్ర పట్టింది.

9వ తేదీ ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేస్తే డివైస్ మేనేజర్. అందులో నెట్‌వర్క్ అడాప్టర్స్, వైఫై కార్డు పేరు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్. 'కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయనివ్వు' అనే అర్థం వచ్చే టిక్ ఒకటి ఉంది. తీసేశాను. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే ఉండదట, నాకు ఉంది. మధ్యాహ్నం మూడింటి దాకా మూడుసార్లే పోయింది. తగ్గింది గానీ పోలేదు.

పక్క ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంది. నొక్కితే పాత డ్రైవర్ వచ్చేస్తుంది అనుకుని ఆశగా పోతే ఆ బటన్ బూడిద రంగులో ఉంది. నొక్కడానికి లేదు. ఇక ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌కు పోయి, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు కొట్టి, నా మోడల్‌కు వాళ్లిచ్చిన వైఫై డ్రైవర్ దించుకున్నాను. ఆ నంబరు చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను.

తర్వాతి పని చేసే ముందు జాగ్రత్త. దించుకున్న డ్రైవర్ చేతిలో ఉంటేనే ఉన్నదాన్ని తీయాలి. తీసేశాక వైఫై ఉండదు, దించుకోవడానికి నెట్ ఉండదు. నేను పెన్‌డ్రైవ్‌లో కూడా ఒకటి పెట్టుకున్నాను. డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ డివైస్ నొక్కి, డ్రైవర్‌ను కూడా తీసేయమనే టిక్ పెట్టాను. ఫోన్ వైరు కూడా పీకేశాను, నెట్ దొరికితే విండోస్ మళ్లీ తనకు నచ్చినదే తెచ్చుకుంటుందని వాడు చెప్పాడు. కొత్తగా దించింది ఎక్కించి, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. వైఫై వచ్చింది. డ్రైవర్ తేదీ చూశాను, తీసేసినదాని కంటే పాతది.

రాత్రి 10:30కి పింగ్ పెట్టి పడుకున్నాను. ల్యాప్‌టాప్ నిద్రపోకుండా పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను 'నెవర్' అని పెట్టాలి, లేకపోతే పొద్దునకు ఏమీ ఉండదు. ఉదయం ఆరున్నరకు కంట్రోల్, సి కలిపి నొక్కితే లెక్క వచ్చింది. దాదాపు 28,800 పంపింది, 7 పోయాయి. ఏడే! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదాన్ని అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. పాలు పొంగిపోయాయి.

10వ తేదీ పొద్దంతా మంచిగా నడిచింది. ఆరు రిటర్న్‌లు వేశాను. మధ్యాహ్నం 2:50కి గ్లోబు బొమ్మ. నమ్మలేకపోయాను. డివైస్ మేనేజర్ తెరిచి డ్రైవర్ తేదీ చూస్తే మళ్లీ కొత్తది! అప్‌డేట్ల వరుసలో మధ్యాహ్నం అదే మళ్లీ వచ్చి కూర్చుంది. ఇంకా ఎనిమిది రిటర్న్‌లు ఉన్నాయి, గడువు మర్నాడే. ఇక ఆ పూట దాంతో కొట్లాడదలుచుకోలేదు. మా ఆయనకు ఫోన్ చేసి మిల్లు నుంచి వచ్చేటప్పుడు డబ్బాకు నేరుగా కలిపే పదిహేను మీటర్ల లాన్ కేబుల్ తెమ్మన్నాను, 280 రూపాయలు. నా ల్యాప్‌టాప్ పక్కన మడిచే లాన్ పోర్ట్ ఉంది. నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారీ తెరవలేదు. పోర్ట్ లేని పల్చటి ల్యాప్‌టాప్‌లకు యూఎస్‌బీ నుంచి లాన్‌కు మార్చే చిన్న ముక్క దొరుకుతుంది. హాలు నుంచి ముందు గదికి గోడ వెంబడి కేబుల్ లాగి, గడప దగ్గర పిల్లలు తట్టుకోకుండా ప్లాస్టర్ అంటించాము.

11వ తేదీ మంగళవారం. నెట్ ఒక్కసారీ పోలేదు. పోర్టల్ మాత్రం చివరి రోజు కదా, తనే నత్తలా నడిచింది. సాయంత్రం 6:40కి పద్నాలుగోది పడింది. అన్నింటికీ ఏఆర్ఎన్ నంబర్లు, అంటే రిటర్న్ అందినట్టు పోర్టల్ ఇచ్చే నంబర్లు, సేట్లకు వాట్సాప్‌లో పంపాను. ఎరువుల సేటు నమస్కారం బొమ్మ పెట్టాడు.

ఇంత గొడవలోనూ తోచని సంగతి ఏమిటంటే, 280 రూపాయల కేబుల్ 3వ తేదీనే కొని ఉంటే నా పని ఆగేదే కాదు, వైఫై సంగతి తీరిగ్గా చూసుకునేదాన్ని. ఖర్చు మొత్తం చూస్తే షాపుకు 300, కేబుల్‌కు 280, ఆటోలకూ టాప్‌అప్‌లకూ కలిపి నూటడెబ్బై దాకా. 750 లోపే. వాడపల్లి పోలేకపోవడం మాత్రం ఇంకా లోపల ఉంది.

12న మిగతా పని ముగించాను. ముందు ఆ నెల భద్రతా అప్‌డేట్‌ను ఎక్కనిచ్చాను. తర్వాత పాత డ్రైవర్ మళ్లీ వేశాను. ఆ వెంటనే విండోస్ అప్‌డేట్‌లో 'పాజ్' నొక్కి మూడు వారాలు ఆపాను. ఎక్కువ కాలం ఆపడం మంచిది కాదు, భద్రతా అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి. 20న వేయాల్సిన త్రీబీలన్నీ, అంటే నెల పన్ను కట్టే రిటర్న్‌లన్నీ, కేబుల్ తీసేసి వైఫై మీదే 18, 19 తేదీల్లో వేశాను. నవంబర్ 27న ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో నా మోడల్‌కు ఇంకా కొత్త డ్రైవర్ కనబడింది. వేసి, రాత్రంతా పింగ్ పెట్టి చూసి, పాజ్ తీసేశాను. ఆ తర్వాత పుస్తకంలో గీత గీయలేదు.

12వ తేదీ సాయంత్రమే లైన్ చూసే అబ్బాయికి ఫోన్ చేశాను. "తమ్మీ, తప్పు నా ల్యాప్‌టాప్‌ది. నిన్ను ఊరికే అన్న. మనసుల పెట్టుకోకు" అన్నాను. అవతల కాసేపు బండి చప్పుడే వినిపించింది. బండి పక్కకు ఆపినట్టున్నాడు. "అయ్యో, గట్ల ఏం లేదక్కా" అన్నాడు. ఆగి, "ఎట్ల తెలిసిందక్కా? మొన్న హనుమాన్‌పేటల గూడ ఒకాయన గిట్లనే లొల్లి పెడుతుండు. నా మీటర్ల అంతా మంచిగనే ఉంటది, ఏం చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు. నెలాఖరుకు పైసల కోసం వచ్చినప్పుడు కూర్చోబెట్టి టీ ఇచ్చి, రెండు నల్ల కిటికీలూ తెరిచి చూపించాను. జేబులోంచి రసీదు పుస్తకం తీసి, వెనక అట్ట మీద రెండు కమాండ్లూ రాసుకున్నాడు. డబ్బా నంబరు ఇంటింటికీ వేరే ఉండొచ్చని నేను చెబితే, "అది నాకెరికే అక్కా" అని నవ్వాడు.

డ్రైవర్ ఉన్న పెన్‌డ్రైవ్‌కు తెల్ల ప్లాస్టర్ అంటించి 'వైఫై, పాతది' అని రాసి, టాలీ బ్యాకప్ పక్కన బీరువాలో పెట్టాను. గడప దగ్గర కేబుల్ తీయలేదు, చుట్ట చుట్టి మేకుకు తగిలించాను.